నిజంగా నిద్ర పట్టించిన పొడి

నిద్ర పట్టిస్తానని చెప్పే పొడి నిద్ర పట్టించకపోతే నష్టం చిన్నది. కొన్నవాళ్లు నాలుగు రోజులు తిట్టుకుని మానేస్తారు. అదే పొడి మొదటి రాత్రే, ఇరవై నిమిషాల్లోనే, తాగిన ప్రతివాళ్లకూ ఒకే తీరుగా నిద్ర పట్టించిందంటే భయపడండి. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక మనిషి ప్రాణం మీదికి రావలసి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను.

డబ్బాలు వచ్చిన కాలం

ఇరవై ఆరేళ్లు నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆహార భద్రతా అధికారిగా పనిచేశాను. జనం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అంటారు. పాలు, నూనె, కారం, హోటళ్ల వంటగదులు నా పనిలో ముప్పావు వంతు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక మిగతా పావు వంతులోకి పొడి డబ్బాలు వచ్చి చేరాయి. బలానికి ఒకటి, బరువు తగ్గడానికి ఒకటి, పిల్లలు పొడుగు పెరగడానికి ఒకటి, నిద్రకు ఒకటి. మెడికల్ షాపులోనూ, జిమ్ములోనూ, చివరికి టైలర్ దుకాణంలోనూ అమ్మేవారు. డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ‘ఇది మందు కాదు’ అని ఉంటుంది. ఆ ఒక్క మాట వల్ల అవి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోకుండా నా బల్ల మీదికి వచ్చేవి.

మేము చేసేది ఇది. దుకాణంలో శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేస్తాం. ఒక్కో భాగాన్ని సీసాలో పోసి, కాగితం చుట్టి, దారం కట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేస్తాం. ఒక సీసా ల్యాబ్‌కు పోతుంది. మిగిలినవి పై అధికారి బీరువాలో ఉంటాయి. సీసాతో పాటు ఏమేం పరీక్షించాలో రాసిన కాగితం వెళ్తుంది. పద్నాలుగు రోజుల్లో రిపోర్టు వస్తుంది. చెప్పిన ప్రమాణాలకు అనుగుణంగా ఉందో లేదో అందులో ఉంటుంది. రిపోర్టును అందరూ చదువుతారు. మనం పంపిన కాగితాన్ని మళ్లీ ఎవరూ చదవరు.

హుజూర్‌నగర్ జిమ్ము

ఆ కాగితం విలువ నాకు హుజూర్‌నగర్‌లో తెలియాల్సింది. అక్కడి ఒక జిమ్ములో కండల పొడి శాంపిల్ తీశాను. ముప్పై గ్రాముల చెంచాలో ఇరవై నాలుగు గ్రాముల ప్రోటీన్ ఉందని డబ్బా మీద రాసి ఉంది. అంటే నూటికి ఎనభై. గోడ మీద కండలవీరుడి ఫొటో ఉంటే, ఈయన ఈ పొడే తాగాడా అని జిమ్ము యజమానిని అడిగాను.

“నాకేమెరుక మేడం? గా కండలు పొడివి కావు, కసరత్తువి కావు. ఫొటో తీసినోని పుణ్యం” అన్నాడు.

రిపోర్టులో నూటికి డెబ్బై తొమ్మిది వచ్చింది. పాస్. కానీ పాల నుంచి తీసిందని డబ్బా మీద రాసిన ఆ పొడి నీళ్లలో వేస్తే చక్కెరలా కరిగిపోయింది, తియ్యగా ఉంది. మనసు ఒప్పక ల్యాబ్‌లో ఉన్న పెద్దాయనకు ఫోన్ చేశాను.

“మేం ప్రోటీన్‌ను తూచం అమ్మా” అన్నాడాయన. “నత్రజనిని కొలిచి, ఆరుంబావుతో హెచ్చవేస్తం. నత్రజని ఉన్న చౌక సరుకేది కలిపినా లెక్క పెరుగుతది. నువ్వు ప్రోటీన్ ఎంత అని అడిగినవ్, చెప్పినం. ప్రోటీనేనా అని నువ్వు అడగలే, మేం చెప్పలే.”

ఆ మాటను డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. రాసుకుని డైరీ మూసేశాను. అదీ నా తెలివి.

మా పై అధికారి

అప్పటి మా పై అధికారిని పెద్ద సారు అనేవాళ్లం. లంచం ముట్టని మనిషి. ఫైళ్లు అద్దంలా ఉంచేవాడు. జిమ్ము సంగతి చెప్పి, పొడుల శాంపిళ్లకు ప్రశ్నలు పెంచుదామంటే నవ్వాడు.

“అమ్మా, లేబుల్ మీద ఉన్నది డబ్బల ఉన్నదా లేదా, గంతే మన పని. డబ్బల ఇంకేమున్నదో ఎతకవడితే, పింఛన్ వచ్చేదాక ఎతుకుతనే ఉంటం.”

మనకు చెడ్డ అధికారులంటే భయం. నా అనుభవంలో అంతకన్నా భయపడవలసింది శుభ్రంగా పనిచేసే ఇలాంటి అధికారికే. ఆయన మాట వినడం నాకు హాయిగా ఉండేది. వినేదాన్ని.

టైలర్ సుజాత డబ్బాలు

రాష్ట్రం వచ్చి నాలుగేళ్లు దాటింది. జూన్ పదకొండు, సోమవారం. నల్గొండలో సుజాత అనే టైలర్ తన దుకాణంలో నిద్ర పొడి అమ్ముతోందని తెలిసి వెళ్లాను. డబ్బాకు అరవై చెంచాలు. లేబుల్ మీద అశ్వగంధ, జటామాంసి, జాజికాయ, మెగ్నీషియం. సుజాత దాచిపెట్టే మనిషి కాదు.

“నేను గూడ తాగుతున్న మేడం. ఇరవై నిమిషాలల్ల ఒరిగిపోతున్న. పిడుగు వడ్డా లేవ. అందరికి గట్లనే. ఒక్కలు గూడ పనిచెయ్యలే అని డబ్బ వాపస్ తేలే.”

అశ్వగంధ పనిచేసేవాళ్లకైనా వారాలు పడుతుందని, చేసినా కొద్దిగానే చేస్తుందని నేను చదివి ఉన్నాను. ఇరవై నిమిషాలు అన్న మాట చెవిన పడగానే నా చెయ్యి ఆగాలి. ఆగలేదు. కాగితం మీద ఎప్పటిలాగే రాశాను: లేబుల్‌లో చెప్పినవి ఉన్నాయా, సీసం ఉందా, బూజు ఉందా, క్రిములు ఉన్నాయా. నాలుగు ప్రశ్నలు. జూన్ ఇరవై ఐదున రిపోర్టు వచ్చింది. ప్రమాణాలకు అనుగుణం.

యాదమ్మ

మా ఆఫీసు ఊడ్చే యాదమ్మ తొమ్మిదేళ్లుగా నాకు సీళ్లు వేయడంలో సాయం. లక్క కరిగేదాకా కొవ్వొత్తి పట్టుకునేది. వేడి చుక్క చేతి మీద పడిందంటే వెంటనే లాక్కుని నన్ను తిట్టేది. “సీల్ సీసాకేస్తవా, నాకేస్తవా మేడం? నన్ను గూడ ల్యాబ్‌కు తోలు మరి!” సుజాత పొడి సీసాలకు కొవ్వొత్తి పట్టింది కూడా ఆమే.

ఆ ఫిబ్రవరిలో ఆమె భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. తల్లి ఎల్లవ్వ వచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. రిపోర్టు వచ్చిన మర్నాడు యాదమ్మ చీపురు గోడకానించి నా బల్ల దగ్గర నిలబడింది.

“మేడం, గా నిద్ర పొడి రిపోర్ట్ ఎట్లొచ్చింది?”

“మంచిగనే వచ్చింది.”

“మరి నేను తాగొచ్చునా?”

“తాగు” అన్నాను.

రిపోర్టు సీసా గురించి మాత్రమే చెప్పింది. తాగు అన్నది నేను. జూన్ ఇరవై ఆరు రాత్రి నుంచి యాదమ్మ తాగింది, నిద్రపోయింది. మొహంలో కళ వచ్చింది. వాడకట్టులో అందరికీ “మా మేడం చూసింది, మంచిదే” అని చెప్పింది. ఆగస్టులో ఆ పొడి తాలూకు కరపత్రం ఒకటి వచ్చింది. దాని మీద మా రిపోర్టు ఫొటో, కింద ‘ప్రభుత్వ ల్యాబ్ మెచ్చిన నిద్ర’ అని అచ్చు. ల్యాబ్ మెచ్చుకోదు. చిరాకు పడి దాన్ని ఫైల్లో పెట్టాను. అప్పుడూ భయపడలేదు.

సెప్టెంబర్ పదకొండు, మంగళవారం. పల్లీ నూనె సీసాలకు సీలు వేస్తున్నాం. లక్క చుక్క యాదమ్మ మణికట్టు మీద పడింది. ఆమె చెయ్యి కదలలేదు. కొవ్వొత్తి అలాగే పట్టుకుని చూస్తోంది. చర్మం మీద లక్క గట్టిపడుతోంది.

“యాదమ్మా, కాలలేదా?”

చాలాసేపటికి చేతి వైపు చూసుకుంది. “ఆఁ... కాలింది మేడం” అంది, పక్కింటి మనిషి సంగతి చెప్పినట్టు.

తొమ్మిదేళ్లు తిట్టిన మనిషి ఆ రోజు తిట్టలేదు. కూర్చోబెట్టి లెక్క అడిగాను. మొదటి ఇరవై నాలుగు రాత్రులు చెంచా. అది ఆనడం లేదని తర్వాత ముప్పై రాత్రులు రెండేసి. ఆ తర్వాత ఇరవై మూడు రాత్రులు మూడేసి. మొత్తం డెబ్బై ఏడు రాత్రులు, నూట యాభై మూడు చెంచాలు. రెండు డబ్బాలు అయిపోయి, మూడో డబ్బాలో ఇరవై ఏడు చెంచాలు మిగలాలి. ఇంటికి వెళ్లి కొలిచాను. ఇరవై ఏడే ఉన్నాయి. ఆకులూ వేళ్లూ అయితే చెంచాలు ఇట్లా పెరగవు.

ఆ సాయంత్రమే సుజాత దుకాణంలో ఉన్న డబ్బాలన్నీ స్వాధీనం చేసుకుని, కొత్త శాంపిల్ తీశాను. ఈసారి కాగితం మీద అయిదో ప్రశ్న రాశాను: నిద్ర మాత్రల మందు ఏదైనా కలిసి ఉందా? తర్వాత యాదమ్మ ఇంటి ముందర ఆ ఇరవై ఏడు చెంచాలూ మురుగు నీటి మోరీలో పోశాను.

“ఇయ్యాల్టి సంది ముట్టకు” అన్నాను.

“నువ్వు చెప్పినంక ముడతనా” అంది.

నా మొదటి తప్పు నాలుగు ప్రశ్నలతో ఆగిపోవడం. రెండోది ఈ మోరీలో పోయడం. రెండోదే పెద్దది.

మూడో రోజు

పన్నెండున యాదమ్మ పనికి వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. రాత్రి కునుకు లేదంది. పాత దుఃఖం తిరగబెట్టిందనుకున్నాను. పదమూడున వినాయక చవితి, సెలవు. పద్నాలుగు పొద్దున ఏడుంబావుకు ఎల్లవ్వ ఫోన్.

“అమ్మా, మా పిల్ల కొట్టుకుంటాంది. నోట్లకెల్లి నురుగొస్తాంది. ఆటోల ఏసుకొని పెద్ద దవాఖానకు వోతున్నం, నువ్వు జర జల్ది రా.”

నేను వెళ్లేసరికి ఇంజెక్షన్ ఇచ్చారు, ఫిట్స్ ఆగింది. యాదమ్మ మంచం మీద చెమటలో ముద్దై ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి, నన్ను పోల్చుకోలేదు. పైకప్పు మీద చీమలు పాకుతున్నాయని అంటోంది. అక్కడ చీమలు లేవు.

ఎల్లవ్వ నా కొంగు పట్టుకుని పక్కకు లాగింది. ఆమె చదువుకోలేదు. వేళ్ల మీద లెక్కపెట్టింది.

“మంగళారం బంద్ వెట్టింది. బుధారం, బేస్తారం, ఇయ్యాల సుక్రారం. మా ఇంటాయనకు గూడ గిట్లనే అయిందమ్మా. మా ఊరి కల్లు దుకాణం బంద్ అయిన మూడో దినం. గిదే వణుకుడు, గిదే చీమలు. గా కల్లుల మందు కలుపుతుండిరి. గీ పొడిల గూడ గదే ఉన్నట్టుంది.”

నేనూ ఈ ప్రాంతంలోనే పుట్టినదాన్ని. కొన్ని దుకాణాల్లో కల్లులో నిద్ర మందు కలుపుతారనీ, అది ఒక్కసారి ఆగితే తాగేవాళ్లు వణికిపోయి ఆసుపత్రుల పాలవుతారనీ చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. పొడి డబ్బా మీద ఆకుల బొమ్మ ఉండేసరికి నాకు కల్లు గుర్తు రాలేదు. తన ఇంట్లో చూసిన ఎల్లవ్వకు గుర్తొచ్చింది.

కేసు షీటు

డ్యూటీ డాక్టర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎల్లవ్వ సంచిలోంచి ఖాళీ డబ్బా, కరపత్రం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కరపత్రం మీది రిపోర్టు చదివాడు.

“పొడి వల్ల కాదు పెద్దమ్మా. ల్యాబ్‌ల పాస్ అయింది చూడు. ఇది మెదడు సంగతి లెక్కున్నది. మూర్ఛ మందు మొదలువెట్టి, స్కాన్‌కు హైదరాబాద్ రాస్తున్న.”

నేను ముందుకు వెళ్లి ఎవరినో చెప్పాను. “డాక్టర్ గారూ, ఆ రిపోర్ట్ నేను తెప్పించిందే. దాన్ని నమ్మకండి.”

ఆయన కాగితం వైపూ నా వైపూ చూశాడు. “మరి ఇంకో రిపోర్ట్ ఏమన్న వచ్చిందా మేడం?”

“రాలేదు. ఇంకా రెండు వారాలు పడుతుంది.”

“మరెట్ల చెప్తున్నరు?”

చెంచాల లెక్క చెప్పాను. లక్క చుక్క సంగతి చెప్పాను. మోరీలో పోసిన సంగతీ చెప్పాను. ఎల్లవ్వ తన భర్త సంగతి చెప్పింది. డాక్టర్ ఖాళీ డబ్బాను మళ్లీ తిప్పి చూశాడు.

“మీరన్నదే నిజమైతే ఇంకో ఫిట్స్ వస్తది. మామూలు మూర్ఛ మందుకు అది ఆగకపోవచ్చు. పొడిల కలిపినసొంటి నిద్ర మందునే మళ్లా ఇచ్చి, కొద్దికొద్దిగ తగ్గియ్యాలె. మీరన్నది తప్పయితే, అవుసరం లేని మత్తు మందు ఇచ్చినట్టయితది. నోటి మాట మీద చెయ్యలేను మేడం. కేసు షీట్‌ల రాసి సంతకం వెడతరా?”

నా దగ్గర రుజువు లేదు. సంతకం పెడితే నేను తెప్పించిన ప్రభుత్వ రిపోర్టును నేనే కాదన్నట్టు. ఊహ తప్పయితే యాదమ్మకు మూడోసారి హాని చేసినట్టు. పెట్టకపోతే హైదరాబాద్ దారిలో, నార్కట్‌పల్లి దాటకముందే ఏమవుతుందో తెలియదు. రాశాను: ‘ఈ పొడిలో నిద్ర మందు కోసం పరీక్ష జరగలేదు. అడగనిది నేను. మూడు రోజుల కింద ఒక్కసారిగా మాన్పించింది కూడా నేనే.’ తేదీ వేసి, టైము వేశాను. తొమ్మిదీ పది. డాక్టర్ అది చదివి మందు మార్చాడు.

తర్వాతి రెండు పగళ్లు, రెండు రాత్రులు ఆ మంచం పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి అదిరినప్పుడల్లా డైరీలో టైము రాశాను. మొదటి రోజు నలభై ఒకటి. రెండో రోజు పదిహేడు. రెండో ఫిట్స్ రాలేదు. ఆదివారం పొద్దున నన్ను పోల్చుకుంది. నీళ్లు తాగి అన్న మొదటి మాట ఇది:

“నువ్వు తాగమన్నవ్, తాగిన. నువ్వు బంద్ వెట్టమన్నవ్, వెట్టిన. ఇంకేమన్న ఉన్నదా మేడం?”

తిట్టడం కాదది. నిజంగానే అడిగింది. ఇంకా ఏదైనా చెబితే చేసేదే. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అంతగా భయపెట్టిన మాట మరొకటి లేదు.

మిగిలినవి

ఆమె తెలివిలోకి వచ్చిన గంటకే నాకు సుజాత, ఆమె ఖాతాదారులు గుర్తొచ్చారు. డబ్బాలు స్వాధీనం చేసుకున్నానంటే వాళ్లందరికీ మాన్పించినట్టే. సుజాత జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే డబ్బాలు కొన్నవాళ్ల పేర్లు ఉన్నాయి. పంతొమ్మిది. పేరు పేరునా ఇంటికి తిరిగి ఆసుపత్రికి పంపాం. నలుగురికి అప్పటికే వణుకు మొదలైంది. అయిదో మనిషి సుజాత. మిషన్ సూదిలో దారం ఎక్కించలేక ఏడుస్తూ కూర్చుని ఉంది. పంతొమ్మిది మందీ, సుజాత కూడా బతికారు. అది నా గొప్ప కాదు.

పండగ సెలవులతో ఆలస్యమై, సెప్టెంబర్ ఇరవై ఎనిమిదిన రెండో రిపోర్టు వచ్చింది. నిద్ర మాత్రల మందు ఉంది. పొడి చేసిన కంపెనీ మీద కేసు నడిచింది. ఆ వాయిదాల సంగతి రాయను. నాకు కావలసింది వేరే ఉంది. జూన్‌లో తీసిన మొదటి శాంపిల్ తాలూకు సీసా ఒకటి పెద్ద సారు బీరువాలో ఉంది. దాన్నీ అయిదో ప్రశ్నతో పంపమని రాతపూర్వకంగా అడిగాను.

“ఎందుకమ్మా? మన రిపోర్ట్‌ను మనమే కొట్టేసుకుంటమా?” అన్నాడు. నా కాగితం రెండుసార్లు చదివి, బీరువా తాళం తీశాడు. సీసా ముడి మీది లక్కలో సీలు పక్కన యాదమ్మ వేలి గీతలు అచ్చు పడి ఉన్నాయి. అందులోనూ అదే మందు ఉందని రిపోర్టు వచ్చింది. నేను తాగు అన్న రోజున అది మా బీరువాలోనే ఉంది.

ఆ మర్నాడు నా డైరీలన్నీ తిరగేశాను. నాలుగు ప్రశ్నలతో పంపి, పాసయిన పొడులు ముప్పై ఒకటి. ఒకటి తెరిపించాను. మిగిలిన ముప్పై సీసాలు గడువు తీరిందని పారేశారు. వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

తర్వాతి ఏడాది నన్ను పాలమూరు వైపు వేశారు. అచ్చంపేట అంగట్లో వేళ్లూ గింజలూ అమ్మే ముసలమ్మను, నిద్రకు ఏమైనా ఇస్తావా అని అడిగాను. “నిద్రకియ్యనమ్మా. గిది కడుపుకు. పనిచేస్తే చేస్తది, లేకుంటే లేదు” అంది. నేను విన్న ప్రకటనలన్నింటిలో నమ్మదగినది అదొక్కటే.

మీరు శాంపిల్ తీసేటప్పుడు లేబుల్ చదివే ముందు తాగినవాళ్లను అడగండి. ఎంతసేపట్లో పనిచేసింది, చెంచాలు పెరిగాయా, ఒక రాత్రి మానితే ఏమైంది. జవాబులు మరీ బాగున్నాయంటే అయిదో ప్రశ్న రాయండి. మాన్పించవలసి వస్తే డాక్టరుతో మాట్లాడి మాన్పించండి. మోరీ దగ్గరికి వెళ్లకండి.

ఇప్పుడు నేను నల్గొండలోనే ఉంటున్నాను. యాదమ్మ ఇల్లు మూడు బస్‌స్టాపుల అవతల. రోజూ పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతాను. “సగం పట్టింది మేడం” అంటుంది. డైరీలో ‘సగం’ అని రాసుకుంటాను. ఆ మాట రాసిన రోజు నాకు నిశ్చింత. సగం నిద్ర మనిషి సొంత నిద్ర.

మొన్న సోమవారం ఫోన్ చేస్తే, “శాన మంచిగ పట్టింది మేడం! పండుకున్నది ఎరుక, లేచింది ఎరుక” అంది.

నేను పెన్ను కింద పెట్టేశాను. “ఏం తాగినవ్?”

పకపకా నవ్వింది. “ఏం తాగలే. మనుమరాలొచ్చింది, పక్కల పండుకుంది. గంతే. నీకేం రోగమొచ్చిందే మేడం, మనిషి నిద్రపోతే గూడ ఓర్వవా?”

సరేనని ఫోన్ పెట్టేశాను. ఏడు గంటల బస్సెక్కి వెళ్లి, ఆమె తిడుతుండగానే వంటింటి డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. అటక మీద కూడా చూశాను. ఏమీ లేదు. అయినా ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు. మంగళవారం పొద్దున మళ్లీ ‘సగం’ అనేదాకా ఆగాను.